ఖాళీ బస్సులో దస్తీలు

ముందే చెబుతున్నాను, నాకు కోపమెక్కువ. కోదాడ కంటి దవాఖానలో చీటీలు రాసే కృప అంటే, "ఆ నోరున్నామేనా?" అంటారు. అవును, ఆమే. పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం దాకా చూపు ఆననివాళ్లనూ, వాళ్లను పట్టుకొచ్చినవాళ్లనూ వరసలో నిలబెట్టాలంటే నోరు లేకుండా కుదరదు. అయితే ఇది నా గురించి కాదు, ఈదయ్య గురించి. నా చేత ఆయన పడ్డన్ని మాటలు ఇంకెవరూ పడలేదు. అందుకే ఆయన సంగతి నేనే రాయాలి.

మా దవాఖానకు మూడు ఊళ్లలో కౌంటర్లున్నాయి. సూర్యాపేటది పెద్దది, ఆపరేషన్లు అక్కడే. అక్కడ కౌంటర్లో యమున కూచుంటుంది, మిర్యాలగూడలో సురేష్, కోదాడలో నేను. మేం ముగ్గురం టైపు చేసే ప్రతి పేరూ సూర్యాపేటలో జనరేటర్ గది పక్కనున్న ఒక నల్లపెట్టెలోకి పోతుంది. సర్వర్ అంటాం దాన్ని. ఎవరికి ఏ రోజు చీటీ, ఎవరి కంట్లో ఏ చుక్కలు, ఎవరికి ఆపరేషన్, అన్నీ అందులోనే ఉంటాయి. ఆ పెట్టెను చూసుకునేది ఈదయ్య.

ఈదయ్యది మా కోదాడ పక్కనున్న చిలుకూరు. ఈద్ పండగనాడు పుట్టాడని వాళ్లమ్మ ఆ పేరు పెట్టిందట. సూర్యాపేట మార్కెట్ యార్డు దగ్గర ఇరవై ఏళ్లు మోటర్ల వైండింగ్ చేశాడు. కాలిపోయిన బోరు మోటరు విప్పి, మాడిన తీగంతా పీకేసి, సన్నటి రాగితీగను ఒక్క చుట్టు తేడా రాకుండా మళ్లీ చుట్టడం ఆయన పని. నలభై అయిదు దాటాక తీగ ఒకటి రెండుగా కనపడటం మొదలైంది. చుట్ల లెక్క తప్పింది. బాగుచేసిచ్చిన మోటర్లు వారానికే తిరిగొచ్చేసరికి సిగ్గుపడి దుకాణం మూసేశాడు. మా దవాఖానలో జనరేటర్ నడపడానికి చేరాడు. పదకొండేళ్ల కిందటి మాట.

జనరేటర్ తర్వాత బ్యాటరీలు అప్పజెప్పారు. ఆ తర్వాత సర్వర్ చూసే ఇంజినీరు మానేస్తే, "అదీ కరెంటుతో నడిచేదే కదా ఈదయ్యా" అని సెక్రటరీ ధర్మేందర్ సార్ ఆ గది తాళంచెవి కూడా ఆయన చేతిలో పెట్టారు. ఆ ఇంజినీరు వెళ్లిపోయేముందు పన్నెండు కమాండ్లు నేర్పి పోయాడు. ఈదయ్య వాటిని తెలుగక్షరాల్లో ఒక నోటుబుక్కులో రాసుకున్నాడు. ఇంగ్లీషు రాని మనిషి ఒక్కో అక్షరం వెతికి కొడితే ఆ పెట్టె మాట వినేది. తాళంచెవిని మాత్రం మొలతాడుకు కట్టుకున్నాడు. "వెంకటనర్సమ్మకు గూడ ఇయ్య" అనేవాడు. వెంకటనర్సమ్మ ఆయన భార్య.

గొడవ మొన్న జనవరిలో మొదలైంది. అప్పటిదాకా రోజుకు ఊరికి ఎనభై చీటీలు. కోదాడ ఎనభై నావి, వాటి జోలికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఒక ఊళ్లో మిగిలిపోతున్నాయి, ఇంకో ఊళ్లో చాలట్లేదు అని పైవాళ్లు మూడు ఊళ్లవీ కలిపేశారు. మొత్తం రెండువందల నలభై. ఎనిమిదింటికి తెరుస్తారు, ఎవరు ముందు రాసుకుంటే వాళ్లవి.

ఇదెక్కడి న్యాయం చెప్పండి? సూర్యాపేటలో ఏడింటికే జనం గేటు దగ్గరుంటారు. మా అనంతగిరి, చిలుకూరు ముసలోళ్లు వచ్చే బస్సు కోదాడలో ఆగేది తొమ్మిదీ నలభైకి. వాళ్లొచ్చేసరికి ఒక్క చీటీ మిగలదు. రెండు వారాలు వాళ్లను ఉత్త చేతులతో తిప్పి పంపాను. అనంతగిరి లచ్చయ్య మూడోసారి వచ్చి, "అమ్మా, ఇయ్యాల గూడ లేదా?" అని నా గొంతు వచ్చిన వైపుకు చెయ్యి చాపాడు. ఆ రోజు నుంచి ఒక పని మొదలుపెట్టాను.

ఎనిమిదింటికి కొత్త పేజీ తెరిచి తేదీ నొక్కితే ఒక చీటీ నెంబరు వస్తుంది. పేరు రాయకుండా అక్కడే ఆపేస్తే ఆ నెంబరు ఇంకెవరికీ పోదు. పేజీని కిందికి దించేసి ఇంకొకటి తెరవాలి. అలా ముప్పై పేజీలు తెరిచిపెట్టేదాన్ని. బస్సొచ్చాక ఒక్కొక్కటీ పైకి తీసి లచ్చయ్య పేరు, ఆయన ఊరి అన్నమ్మ పేరు రాసేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. నేనొక్కదాన్నే తెలివిగలదాన్ననుకున్నాను. మిర్యాలగూడలో సురేష్ పాలకీడు నుంచి వచ్చేవాళ్ల కోసం, రైసు మిల్లుల్లో ఊక కంట్లో పడ్డ హమాలీల కోసం ఇదే పని చేస్తున్నాడని నాకు తెలియదు. మా సంగతి తెలియకపోయినా, చీటీలు మాయమైపోతున్నాయని యమున కూడా ఇదే మొదలుపెట్టింది.

ఫిబ్రవరి వచ్చేసరికి సర్వర్ రోజూ తొమ్మిదింటికి మొరాయించడం మొదలైంది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. సూర్యాపేటలో ఆపరేషన్ గదికి పేర్ల పట్టీ రాదు. కంట్లో మందు వేసుకుని మనుషులు వరండాలో కూచుని ఉంటారు. నేను ఊరుకుంటానా? ఫోనందుకున్నాను.

"ఏంటి బాబాయ్, మళ్లీ ఆగిపోయింది? ఇక్కడ జనం నన్ను పీక్కుతింటున్నారు. అసలు నువ్వా గదిలో ఏం చేస్తున్నావ్? పడుకున్నావా?"

"నేను పండలే బిడ్డా, గవే పండుకున్నయ్" అన్నాడు ఈదయ్య.

"ఏవి?"

"పెట్టె ఎనక నడిచేటి పనులు. ప్రాసెస్‌లు అంటరు సూడు. ఎప్పుడు సూసినా నలభై ఉంటయ్. నలభై రెండు, నలభై మూడు, గంతే. ఇయ్యాల రెండువందల యాభై ఉన్నయ్. గంతకు మించి పట్టనియ్యదు పెట్టె. గండ్ల నిజంగ పని చేసేటియి నాలుగే. తక్కినయన్ని పండుకున్నయ్ అని సూపిస్తుంది."

"పడుకుంటే నీకేంటి నష్టం? పడుకోనియ్."

"గదే సమజయితలేదు బిడ్డా. పండుకున్నోళ్లకే జాగ సరిపోతలేదు, పని చేసేటోళ్లు బయట నిలబడ్డరు."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాకపోతే నాకు కోపం ఇంకా ఎక్కువ వస్తుంది. "నీ కతలు నాకొద్దు, ముందు నడిపించు" అని ఫోన్ పెట్టేశాను.

ఆయన వెతకని చోటు లేదు. మొదట పెట్టె విప్పి దుమ్ము ఊదాడు. ఫ్యాన్ మార్చాడు. బ్యాటరీలు మార్చాడు. మోటరుకు చెవి పెట్టినట్టే పెట్టెకు చెవి పెట్టి, "చప్పుడు మంచిగనే ఉంది, బరువు మోస్తలేదు, మరెందుకు ఆగుతుంది?" అని యమునను అడిగాడట. యమునకేం తెలుసు? తర్వాత మిర్యాలగూడ కంప్యూటరు మీద అనుమానమొచ్చింది. బస్సెక్కి పోయి దాన్ని విప్పితే లోపల గుప్పెడు ఊక దొరికింది. దొంగ దొరికాడని ఆ ఊకను పొట్లం కట్టుకుని సూర్యాపేటకు తెచ్చి సెక్రటరీ సార్ టేబుల్ మీద పెట్టాడు. మర్నాడు తొమ్మిదింటికి మళ్లీ రెండువందల యాభై.

అప్పుడే ధర్మేందర్ సార్ తేల్చి చెప్పేశారు. ఆయన చెడ్డమనిషి కాదు, కానీ ఆయన మీదా ఒత్తిడి ఉంది. "ఈదయ్యా, శనివారం దాకా చూస్తాను. కారణమేందో చెప్పు. చెప్పలేకపోతే సర్వర్, బ్యాటరీలు, జనరేటర్ అన్నీ కలిపి హైదరాబాద్ కంపెనీకి ఇచ్చేస్తాం. ఇగ నువ్వు తాళంచెవి ఇచ్చేసి ఇంటికి పోవాల్సిందే."

ఆ మాట ఈదయ్యే నాకు ఫోన్లో చెప్పాడు. "ఇంటికి పోయి ఏం జేయాలె బిడ్డా? మల్ల మోటర్లు ముట్టలేను. తీగ కండ్లకు ఆనతలేదు" అన్నాడు. కంటి దవాఖానలో పదకొండేళ్లుండి నీ కళ్లెందుకు చూపించుకోలేదయ్యా అని అరిచాను. "పొద్దుగాల పెట్టె ఇడిసి లైన్ల ఎట్ల నిలబడుదు?" అన్నాడు. ఇలాంటి మనిషితో ఏం మాట్లాడతాం!

సోమవారం ఆయనకు తొమ్మిదో కమాండ్ గుర్తొచ్చింది. పడుకున్నవాటిని తెగ్గొట్టే కమాండ్. ఒక్కసారే నూట అరవై తెగ్గొట్టాడు. నిమిషం తిరక్కుండా నా ముప్పై పేజీలూ ఎర్రబడ్డాయి. నేను ఆపిపెట్టిన నెంబర్లన్నీ పోయాయి. నా ఒళ్లు మండిపోయింది. పది నిమిషాల్లో బస్సొస్తుంది. ఏం చేశాననుకుంటున్నారు? మళ్లీ తెరిచాను. ఈసారి, ఎందుకైనా మంచిదని, మనిషికి రెండేసి. అరవై పేజీలు. అక్కడ సురేష్‌దీ అదే తెలివి, యమునదీ అదే తెలివి.

"నూట అరవై తెగ్గొడితే మల్ల నూట అరవై మొలిచినయ్ బిడ్డా" అని ఈదయ్య ఫోన్ చేశాడు. "గిదేం కలుపు? ఎంత పీకితే గంత లేస్తుంది. జనం ఎక్కువచ్చిన్రా అంటే లేరు. చీటీలన్ని అయిపోయినయ్ అని తెర మీద ఉంది, హాల్ల సూస్తే బల్లలు ఖాళీగున్నయ్. నాకు పిచ్చి లేస్తుంది."

"నువ్వు తెగ్గొట్టడం వల్లే ఇదంతా! ముట్టుకోకు దాన్ని!" అని నేను అరిచాను. ఆ ఫోన్ పట్టుకున్న చెయ్యి నాదే, అరవై పేజీలు తెరిచిన చెయ్యీ నాదే. ఆ రెంటికీ సంబంధం ఉందని నా బుర్రకు తట్టలేదు. నేను తెరిచింది నా తెర మీద కదా, ఆయన పెట్టెలో పడుకున్నవాటికీ దీనికీ ఏంటి అనుకున్నాను.

బుధవారం ఫోన్ చేసి పడీపడీ నవ్వాడు. "దొరికిండు బిడ్డా దొంగ. నా ఇంట్లనే ఉన్నడు." సంగతేంటంటే, ప్రాసెస్‌లు ఎన్నున్నాయో లెక్క చూడటానికి ఆయన పావుగంటకొకసారి కమాండ్లు కొట్టే నల్లపేజీ కొత్తది తెరుస్తున్నాడు. చూశాక మూయకుండా కిందికి దించేస్తున్నాడు. ఆ పేజీలు ముప్పై ఆరు పేరుకున్నాయి. ఒక్కో పేజీకి ఒక ప్రాసెస్. పడుకున్నవాళ్లను లెక్కపెట్టడానికి పోయి తనే ముప్పై ఆరుమందిని పడుకోబెట్టాడు. ఇద్దరం నవ్వుకున్నాం. అన్నీ మూసేశాడు. గురువారం తొమ్మిదిన్నరకు మళ్లీ నిండిపోయింది.

గురువారం సాయంత్రం ఇంకొక సంగతి పట్టుకున్నాడు. పడుకున్న ప్రతి ప్రాసెస్ పక్కన అది ఏ కౌంటరు నుంచి వచ్చిందో నెంబరు ఉంటుంది. రోజూ ఎనిమిదింటికి, అందరికంటే ముందు, గుంపుగా వచ్చేవి కోదాడవి. నా కంప్యూటరుకు ఏదో రోగం పట్టిందనుకున్నాడు పాపం. శుక్రవారం తెల్లారి బస్సుకు బయల్దేరి వచ్చేశాడు.

ఎనిమిదికి పది నిమిషాలుండగా మా కౌంటర్లోకి వచ్చి మోకాళ్లు పట్టుకుని నిలబడ్డాడు. ఒకటే సణుగుడు. "సూరాపేట కాడ బస్సు ఆగంగనే నేనే ముంగట ఎక్కిన బిడ్డా. ఎక్కి సూస్తే బస్సంత ఖాళీ. కూసుందమంటే జాగ లేదు. కిటికీలకెల్లి జేబుల దస్తీలు, చున్నీలు, టిఫిను డబ్బలు ఏసి పెట్టిన్రు. మనిషి లేడు, సీటు లేదు. గంటసేపు నిలబడి ఒచ్చిన."

"ఆడోళ్లకు టికెట్ లేదు కదా బాబాయ్, మాదే రాజ్యం" అని నవ్వి, ఎనిమిది కొట్టగానే నా పని మొదలుపెట్టాను. కొత్త పేజీ, తేదీ, కిందికి. కొత్త పేజీ, తేదీ, కిందికి. రోజూ చేసే పని కాబట్టి ఆయన వెనక నిలబడ్డాడన్న ధ్యాస కూడా లేదు. చూపు ఆనక ఆయన ముక్కు తెరకు తగిలేంత దగ్గరికి వంగాడు.

"గివన్ని ఏంది బిడ్డా, కింద?"

"ఏం లేదు బాబాయ్. పేజీలు."

"ఎన్నున్నయ్?"

"యాభై, అరవై ఉంటాయి."

"ఎవలున్నరు గండ్ల?"

"ఇంకా ఎవరూ లేరు. తొమ్మిదీ నలభై బస్సుకొస్తారు. వాళ్ల కోసం ఆపి పెట్టా."

ఆయన స్టూలు లాక్కుని కూచున్నాడు. లెక్క చూపే తెరను బయల్దేరేముందే యమున కౌంటర్లో తెరిచిపెట్టి వచ్చాడట. ఫోన్ తీసి ఆమెకు చేసి, కోదాడ నెంబరు పక్కన ఎన్ని ప్రాసెస్‌లున్నాయో లెక్కపెట్టి చెప్పమన్నాడు. యమున అరవై రెండు అంది. నన్ను ఒక పేజీ మూయమన్నాడు. మూశాను. అరవై ఒకటి అంది.

"దస్తీలు" అన్నాడు ఈదయ్య. "బస్సుల ఏసిన దస్తీలు బిడ్డా ఇవి. కూసున్నోడు లేడు, జాగ మాత్రం నిండింది. నిజంగ ఎక్కెటోడు నా లెక్క నిలబడ్డడు."

అప్పుడు వెలిగింది నాకు. నెల రోజులుగా నేను ఎవరి మీద అరుస్తున్నానో, ఆ మనిషి పెట్టెను ఆపుతున్నది నేనే. సురేష్‌కు, యమునకు ఫోన్ చేసి అడిగితే మొదట నీళ్లు నమిలారు. తర్వాత వాళ్లూ ఒప్పుకున్నారు. కానీ మొదలుపెట్టింది నేను. ఎనిమిదింటికి ముందు వరసలో ఉన్నది నా కోదాడ నెంబరే. నాకు భయమేసింది. భయమేస్తే కూడా నాకు కోపమే వస్తుంది.

"అయితే ఏంటి? రేపు సార్ ముందు నా పేరు చెప్తావా? నీ ఉద్యోగం నిలబెట్టుకోడానికి నా పొట్ట కొడతావా బాబాయ్?"

ఆయన బస్సొచ్చేదాకా కూచున్నాడు. అన్నమ్మ భుజం పట్టుకుని లచ్చయ్య లోపలికొచ్చాడు. "అమ్మా, నా జాగ ఉందా?" అన్నాడు. ఉంది తాతా అన్నాను. ఒకరి తర్వాత ఒకరు పదిహేడుమంది వచ్చారు. నేను పేర్లు రాస్తుంటే ఈదయ్య వాళ్లనే చూస్తున్నాడు. పదిన్నరకు లేచాడు. "పోతా బిడ్డా" అన్నాడు. అంతే. తిట్టనూ లేదు, మాటివ్వనూ లేదు. ఆ రాత్రంతా ఆయన ఏం చెబుతాడో తెలియక నాకు తిండి సహించలేదు.

శనివారం మా ముగ్గురినీ సూర్యాపేటకు రమ్మన్నారు. సెక్రటరీ గదిలో గోడ వారగా నిలబడ్డాం. ఈదయ్య నోటుబుక్కు పట్టుకుని టేబుల్ ముందున్నాడు.

"దొరికిందా ఈదయ్యా?"

"దొరికింది సార్."

"మరి ఏంది?" అన్నారు సార్.

"నేనే సార్" అన్నాడు ఈదయ్య. "లెక్క సూసెటందుకు పేజీ తెరిసిన. మూసుడు మరిసిన. అట్ల తెరిసినయ్ తెరిసినట్టే ఉన్నయ్. గవే నిండి పెట్టె ఆగింది."

"అన్నీ నీవేనా? రెండువందలూ?"

"నాయే సార్."

ధర్మేందర్ సార్ తల పట్టుకున్నారు. "పదకొండేళ్లయ్యా! పేజీ మూయాలని తెలియదా నీకు?" అన్నారు. కోపం కన్నా బాధ ఎక్కువుంది ఆ గొంతులో. తాళంచెవి ఇచ్చెయ్యమన్నారు.

ఈదయ్య గోడవైపు తిరిగి చొక్కా పైకెత్తి మొలతాడు ముడి విప్పసాగాడు. ఏళ్లనాటి ముడి. బిగుసుకుపోయింది. కళ్లకు ఆనదాయె, వేళ్లతో తడుముకుంటున్నాడు. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. మేం ముగ్గురం ఆ వీపు చూస్తూ నిలబడ్డాం. సురేష్ తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు. యమున కళ్లు తుడుచుకుంటోంది. కోదాడలో నోరున్న మనిషినని పేరున్న నేను ఆ గదిలో నోరు విప్పలేదు. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటా రాలేదు. నా మీద నాకే అసహ్యమేసింది, అయినా రాలేదు.

కంపెనీవాళ్లు వచ్చారు. పది నిమిషాలు ఏమీ రాయకుండా ఉంచిన పేజీ దానంతటదే మూసుకుపోయేటట్టు పెట్టారు. ఆ తర్వాత సర్వర్ ఒక్కసారి కూడా ఆగలేదు. అందరూ సంతోషం. అనంతగిరి బస్సు మాత్రం తొమ్మిదీ నలభైకే వస్తోంది. లచ్చయ్య రెండుసార్లు వచ్చి ఉత్తగా పోయాడు, మూడోసారి రాలేదు. నేను ముందుకంటే గట్టిగా అరవడం మొదలుపెట్టాను. ఎందుకు ముందుగా చెప్పకుండా వస్తారని ముసలోళ్ల మీద అరిచేదాన్ని.

జూలై మొదట్లో ఒకరోజు ఆ బస్సులోంచి ఈదయ్య దిగాడు. సూర్యాపేటలో కిరాయి ఇల్లు ఖాళీ చేసి చిలుకూరు వచ్చేశారట. భార్య భుజం మీద చెయ్యి వేసుకుని నడుస్తున్నాడు. నాట్లకు పోయే మనిషి, ఆ రోజు కూలి మానుకుని వచ్చిందామె. కౌంటరు దగ్గరికొచ్చి నవ్వాడు.

"కండ్లు సూపిచ్చుకుందామని ఒచ్చిన బిడ్డా. చీటీ ఉందా?"

"లేదు బాబాయ్. ఎనిమిదింబావుకే అయిపోయాయి."

"అవు గదా. ఇగ దస్తీ ఏసినా పది నిమిషాలకు ఎగిరిపోతది" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. ఆ పని బాగా చేశారు కంపెనీవాళ్లు అన్నట్టే మెచ్చుకోలుగా అన్నాడు. నీళ్లు తాగొస్తానని గోడ పట్టుకుని కుళాయి వైపు పోయాడు.

వెంకటనర్సమ్మ కౌంటరు మీదికి వంగి గొంతు తగ్గించింది. "అమ్మా, మీ దవాఖానల్నే పదకొండేండ్లు చేసిండు. ఎందుకు తీసేసిన్రో ఇంతవరకు నాకు చెప్పలే. అడిగితే ఉలకడు పలకడు. ఏమన్న దొంగతనం చేసిండా అని ఊర్ల అంటున్నరు. నీకేమన్న ఎరుకనా బిడ్డా?"

ఆమె నా మొహంలోకి చూస్తూ నిలబడి ఉంది. చెబుతానమ్మా, ముందు సార్‌కు చెప్పొచ్చి నీకూ చెబుతాను, అన్నాను. ఆమెకేం అర్థమవుతుంది? కౌంటరు మూసేసి, వరసలో ఉన్నవాళ్లు అరుస్తున్నా వినకుండా సూర్యాపేట బస్సెక్కాను.

ధర్మేందర్ సార్‌కు మొత్తం చెప్పాను. ముప్పై పేజీలు, అరవై పేజీలు, దస్తీలు, ఆయన ఒప్పుకున్న రెండువందల్లో ఆయనవి ముప్పై ఆరేనని, అవి కూడా శనివారానికి మూసేసి ఉన్నాయని. "ఇప్పుడెందుకు చెబుతున్నావమ్మా?" అన్నారు. "అప్పుడు భయమేసింది సార్" అన్నాను. ఇంకేం చెప్పను! నన్ను నెలాఖరు నుంచి కౌంటరు తీసేసి కళ్లజోళ్ల స్టోరులో వేశారు. మూడు ఊళ్లకు పాత వాటా, ఊరికి ఎనభై, మళ్లీ పెట్టించారు. ఈదయ్యను పిలవండి సార్ అని బతిమాలాను. కంపెనీతో మూడేళ్లకు సంతకాలైపోయాయన్నారు.

చిలుకూరు పోయి వెంకటనర్సమ్మకు చెప్పాను. ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. మంచినీళ్లిచ్చింది. ఈదయ్య మాత్రం, "గిప్పుడెందుకు పోయినవ్ బిడ్డా గాడికి, ఉద్యోగం ఖరాబు చేసుకుంటివి" అని నన్నే కోప్పడ్డాడు. "మరి నువ్వెందుకు నా పేరు చెప్పలేదు?" అని అరిచాను. "లచ్చయ్య కండ్లు నా కండ్లసొంటియే గదా" అన్నాడు.

పాత వాటా తిరిగొచ్చిన మొదటి రోజు, కోదాడ ఎనభైలో మొదటి పేరు నేనే రాశాను. ఈదయ్య, చిలుకూరు. రాసి, పేజీ మూశాను. రెండో పేరు లచ్చయ్యది. మనిషిని పంపించి పిలిపించాను.

నేను స్టోరుకు మారడానికి ఇంకా రెండు రోజులుందనగా, ఆపరేషనైన వారానికి ఈదయ్య నల్లద్దాలు పెట్టుకుని కౌంటరు దగ్గరికొచ్చాడు. నా వెనక నిలబడి, వంగకుండా, అద్దాలు కొంచెం పైకి జరిపి తెర వైపు చూశాడు.

"కింద ఒక్కటే పేజీ ఉంది బిడ్డా."

"ఒక్కటే బాబాయ్."

"గాడ ఎన్నున్నయ్? పెట్టెల? జర అడుగు."

యమునకు ఫోన్ చేశాను. కంపెనీ మనిషిని అడిగి చెప్పింది. నలభై రెండు.

"నలభై రెండా? మంచిగుంది" అన్నాడు. అని, అలవాటుగా చెయ్యి నడుం దగ్గరికి పోయింది. చొక్కా మీద నుంచే మొలతాడు తడుముకుని, ఏమీ తగలక, చెయ్యి తీసేసుకున్నాడు.